ఆ ఆకులు ఊడ్చకండి వదినగారూ!

వదినగారూ, ఒక్క నిమిషం, ఆ చీపురు కాస్త ఆపండి. మీ ఓపికకి దణ్ణం పెట్టాలి గానీ, పొద్దున్నించీ చూస్తున్నాను, పెరడంతా అద్దంలా చేసేద్దామనే! అమలాపురంలో అయితే ఊడవకపోతే ఎలా, ఆకుల కింద పామూ పుట్రా చేరతాయి. ఇది అమెరికాలో ఎడిసన్ కదండీ. ఇక్కడ ఓక్ చెట్ల కింద రాలిన ఆకు రాలినచోటే ఉండాలి. మీ కోడలు చెప్పలేదా? ఆ పిల్లకి మాత్రం ఏం తెలుసులెండి. డిసెంబర్లో ఇల్లు కొన్నారు, అప్పటికి ఇవన్నీ నేలలో పడుకుని ఉన్నాయి.

ఇలా రండి, కంచె దగ్గరికి. మీ చీపురు ఇంకో రెండడుగులు ముందుకొస్తే అయిపోయేది. అదిగో, ఆ ఎండాకుల సందులో తెల్లగా ఏదో కనిపిస్తోందా? వంగి చూడండి. ఒకే ఒక్క ఆకు, పొత్తిళ్ళలో పసిబిడ్డని చుట్టినట్టు మొగ్గని చుట్టుకుని పైకి లేస్తోంది. బ్లడ్‌రూట్ అంటారు దీన్ని. ఎండ బాగా కాస్తే విచ్చుకుంటుంది, సాయంత్రమైతే ముడుచుకుంటుంది, మబ్బు పట్టినా అంతే. గట్టి వాన ఒకటి పడిందా, రేకులన్నీ రాలిపోతాయి. మహా అయితే నాలుగు రోజుల భోగం. పువ్వు పోయాక ఆ ఆకు విప్పుకుని అరచేయంత అయి, వేసవి దాకా ఉంటుంది.

అయ్యో, గోకకండి! దుంప తెగితే ఎర్రగా, నారింజ కలిసిన ఎరుపులో రసం కారుతుంది. ఇక్కడి ఆదివాసులు రంగుకి వాడేవారు. పారాణిలా ఉంది కదా అని కాళ్ళకి పెట్టుకునేరు, చర్మం కాలి పుండు పడుతుంది.

ఎవరు నాటారా? మీవాళ్ళకంటే ముందు ఈ ఇంట్లో ఉన్న ముసలావిడ. బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైంది. ఆవిడ తోట అంతా ఏప్రిల్లోనే. జూన్లో వచ్చి చూసినవాళ్ళు ఈవిడ తోటపని చేస్తానంటుంది, ఎక్కడ చేస్తుందీ అనుకునేవారు. మీవాళ్ళు కొన్నప్పుడు ఇల్లు చూపించిన ఏజెంటు కూడా "పెరట్లో ఏమీ లేదు, నీడ ఎక్కువ" అనే చెప్పాడట.

మీరూ అదే అంటున్నారా, ఎండ లేదని? ఒక్కసారి తలెత్తి చూడండి. పైన ఒక్క ఆకు ఉందా? ఉత్త కొమ్మలు. ఎండంతా సరాసరి నేల మీద పడుతోంది. మార్చి నెలాఖరు నుంచి మే మొదటి వారం దాకా ఇంతే. ఆ తర్వాత ఓకులూ మేపుళ్ళూ చిగురించి, మే ఆఖరికల్లా పైన పందిరి కమ్మేస్తాయి. ఇక అక్టోబరు దాకా మీరన్న నీడే. ఈ మొక్కలు ఆ ఆరేడు వారాల ఎండనే నమ్ముకుని బతుకుతాయి. ఆకు వేయడం, పూయడం, కాయడం, ఏడాదికి సరిపడా దుంపలో దాచుకోవడం, అన్నీ ఆ కాస్తలోనే. చాలామట్టుకు జూన్ వచ్చేసరికి ఆకుతో సహా మాయం. నీడ ఉన్న పెరట్లో ఏం పెంచాలీ అని అందరూ అడుగుతారు. నీడ ఎప్పటి నుంచీ అని ఒక్కరూ అడగరు.

గోంగూరా? దానికి ఇక్కడ ఆశ పెట్టుకోకండి. దానికి రోజంతా ఎండ కావాలి, వేడి కావాలి. ముందువైపు కారు పెట్టేచోట పెద్ద కుండీల్లో వెయ్యమనండి, అదీ మే సగం దాటాక. ఇప్పుడు విత్తితే చలికి కుళ్ళిపోతుంది. కోడలికి టమాటా నారు తొందర పడి కొనొద్దని కూడా చెప్పండి.

సరే, ఆకుల సంగతి. ఈ ఆకు కుళ్ళి నల్లగా, మెత్తగా అవుతుంది కదా, అదే ఈ పూలకి మన్నూ ఎరువూ. అడవిలో ఎవరు ఊడుస్తారు చెప్పండి? శరత్కాలంలో బ్లోయర్లు వేసుకుని వచ్చేవాళ్ళు ఉన్నారే, డబ్బు తీసుకుని ఆకు ఊదిపారేసి, మళ్ళీ ఏప్రిల్లో డబ్బు తీసుకుని మల్చి అని రంగేసిన చెక్కపొట్టు తెచ్చి పోస్తారు. ఎక్కడి ఆకు అక్కడుంటే రెండు ఖర్చులూ ఉండవు. కాకపోతే ఒకటి. ఓక్ ఆకు దళసరి, తొందరగా కుళ్ళదు. వానకి తడిసి అట్టకట్టుకుపోతే కింద మొలక పైకి రాలేదు. అలాంటిచోట చేత్తో కాస్త సడలించాలి, లేదా శరత్కాలంలోనే లాన్‌మోవరు దాని మీద నడిపి తుంపులు చేసి మళ్ళీ అక్కడే పరిచెయ్యాలి. చీపురు మాత్రం వద్దు. మేపుల్ ఆకుతో ఈ బాధ లేదు. దాని గొడవ వేరు, వేళ్ళు పైపైనే పాకి తడంతా అవే తాగేస్తాయి.

మరి మీకొక వింత చెప్పనా? మనూళ్ళో వానపాముని రైతు నేస్తం అంటాం. వర్మీకంపోస్టు చేసి అమ్ముతున్నారు కూడా. ఈ చుట్టుపక్కల అడవుల్లో అదే శత్రువు! నిజమండీ. ఎప్పుడో మంచుయుగంలో ఉత్తరం నుంచి మంచు పలక ఒకటి జరుగుతూ జరుగుతూ వచ్చి సరిగ్గా ఇక్కడే ఆగింది. మన పక్కన మెటచెన్, అటు పెర్త్ ఆంబాయ్, ఇటు మోరిస్‌టౌన్ మీదుగా ఆ గట్టు ఉంది ఇప్పటికీ, అది మోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ. ఆ మంచు కప్పిన నేలలో తర్వాత వానపాములే లేవు. అడవి అవి లేకుండానే పెరిగింది, ఆకు మెల్లగా బూజు పట్టి కుళ్ళడానికి అలవాటు పడింది. యూరప్ నుంచి వచ్చినవాళ్ళ మొక్కల వేళ్ళలో, మట్టిలో వానపాములూ ఓడెక్కి వచ్చాయి. ఏళ్ళ తరబడి పోగైన ఆకు పొరని అవి చకచకా తినేస్తే, ఆ పొరలో మొలవాల్సిన పూలకి చోటు పోతుంది. ఇప్పుడు ఆసియా నుంచి జంపింగ్ వార్మ్స్ అని ఇంకో రకం దిగింది, ముట్టుకుంటే పాములా గిలగిల్లాడి ఎగిరిపడుతుంది. అందుకే ఇక్కడ ఎవరైనా ఊరికే మట్టీ కంపోస్టూ ఇస్తానంటే నేను పుచ్చుకోను.

చీమలంటారా, వాటిని చంపొద్దు. మీరు వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమలు తింటాయని పుణ్యం అనుకుంటారు కదా. ఈ పూలూ అదే చేస్తాయి, పుణ్యానికి కాదు గానీ పనికి. బ్లడ్‌రూట్ గింజకి ఒక పక్క తెల్లగా చిన్న కండ అంటుకుని ఉంటుంది, నూనె ఉన్న కండ. చీమ దానికి ఆశపడి గింజని పుట్టకి ఈడ్చుకుపోతుంది, కండ తిని గింజని పెంటకుప్పలో పారేస్తుంది. ఆ పెంటలోనే అది మొలుస్తుంది. ట్రిలియంకీ అంతే, ఇంకా చాలా పూలకి అంతే. పంతులమ్మ నాటిన గుబురు అక్కడుంటే, పిల్లలు ఈ రాతి సందుల్లో ఎందుకు లేచాయనుకున్నారు? మీ కోడలు వంటింట్లో చీమలున్నాయని మందు కొట్టేవాణ్ణి పిలుస్తానంటోంది. వంటింటి వరకూ కొట్టించుకోమనండి, పెరటి జోలికి రానివ్వొద్దు.

ఇటు చూడండి, ఇది మీకు తెలియాలి, కోనసీమ మనిషి కదా. ఈ ఊదారంగు మొలక, సూదిలా నిటారుగా. ఇంకో రెండు వారాలాగితే మూడేసి ఆకులతో లేచి, మధ్యలో ఆకుపచ్చ పడగ ఒకటి విప్పుతుంది, లోపల ఊదా చారలు. పడగ కింద ఒక కాడ నిలబడి ఉంటుంది. పేరు జాక్ ఇన్ ది పల్పిట్. మీ కందా చేమా ఉన్న కుటుంబమే. దుంప కొరికితే నాలుకా గొంతూ సూదులు గుచ్చినట్టు మండిపోతాయి, కందలో ఉండే ఆ దురదే, అంతకంటే ఘాటు. కందబచ్చలి కూర గుర్తొచ్చి దీన్ని తవ్వకండి, మీకు దణ్ణం.

దీని సంసారం మాత్రం వినాల్సిందే. ఈ మొక్క చిన్నగా, దుంపలో నిలవ తక్కువున్నప్పుడు మగది. నాలుగేళ్ళు బాగా తిని బలిస్తే ఆడది అవుతుంది, అప్పుడే కాయ. ఓ ఏడు విరగ్గాసి నీరసపడితే మరుసటేడు మళ్ళీ మగది. నవ్వకండి, నిజం. ఇంకా ఉంది. వాసనకి మోసపోయి చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు పడగలోకి దిగుతాయి. మగ పువ్వుకి అడుగున చిన్న సందు ఉంటుంది, పుప్పొడి పూసుకుని అందులోంచి బయటపడతాయి. ఆడ పువ్వుకి ఆ సందు ఉండదు. వచ్చింది వచ్చినట్టే, పుప్పొడి అప్పగించి అక్కడే చావాలి. ఆగస్టు చివర మొక్కజొన్న కంకిలా ఎర్రటి పళ్ళ గుత్తి చూస్తే, దాని కింద ఎన్ని పురుగుల ప్రాణాలున్నాయో!

ఆ మూలదా? వర్జీనియా బ్లూబెల్స్. ఇప్పుడు మొగ్గలు గులాబీరంగు, విచ్చుకునేసరికి లేత నీలం. ఒకే గుత్తిలో రెండు రంగులూ వేలాడుతుంటాయి. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి ఇదే చెప్తాను నేను. తడి ఉన్నచోట దానంతటదే గింజ రాల్చి ఐదారేళ్ళలో మూలంతా నింపేస్తుంది. జూన్లో ఆకు పసుపు పచ్చగా పండి వాలిపోతుంది, చచ్చిందని కోడలు పీకెయ్యకుండా చూడండి. ఆకు పండేదాకా ఉంటేనే దుంపకి తిండి.

అదిగో ఆ గడ్డిలో మూరెడు మేర తెల్లగా నలుసుల్లా పూసిందే, అది స్ప్రింగ్ బ్యూటీ. దగ్గరికి వెళ్తే రేకు మీద గులాబీ గీతలు కనిపిస్తాయి. ఇక్కడ ఒక చిన్న నేల తేనెటీగ ఉంది, దానికి ఈ పువ్వు పుప్పొడి తప్ప వేరేది పనికిరాదు, పిల్లల్ని దాంతోనే పెంచుతుంది. మధ్యాహ్నం ఎండలో ఓ పావుగంట కూర్చోండి, కాళ్ళకి గులాబీరంగు పుప్పొడి ముద్దలతో కనిపిస్తుంది. గడ్డి కోసే కుర్రాణ్ణి మే రెండో వారం దాకా ఆ పక్కకి రావద్దనండి. లాన్ పెరిగిపోయిందని మన అసోసియేషన్‌ వాళ్ళు నాకొకసారి ఉత్తరం రాశారు. పువ్వు ఫొటో తీసి పంపించాను, మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు.

మచ్చల ఆకు ట్రౌట్ లిల్లీ. దాన్ని పెద్దగా ఆశించకండి. వంద ఆకులుంటే పువ్వు ఏ నాలుగైదిటికో. ఒంటి ఆకు ఉన్నది పూయదు, రెండాకులు వేస్తేనే పసుపుపచ్చటి పువ్వు తల వంచుకుని పూస్తుంది. ఒక్కో గుంపు మనకంటే పెద్ద వయసుది అయి ఉంటుంది, తొందరేముంది దానికి. గొడుగులా విప్పుకుంటున్నది మేయాపిల్, దానిదీ రెండాకుల లెక్కే, పువ్వు పంగలో దాక్కుని ఉంటుంది. పండి పసుపెక్కిన కాయలో గుజ్జు తప్ప గింజా ఆకూ వేరూ అన్నీ విషం. ఆ విషంలోంచే క్యాన్సర్‌కి ఎటొపొసైడ్ అని మందు చేశారు. మన హిమాలయాల్లో దీని చుట్టం ఉంది.

ట్రిలియం కావాలా? మీరు మెచ్చుతారని తెలుసు, అందరికీ అదే కావాలి. మూడాకులు, మూడు రేకులు, తెల్లటి పువ్వు, పాతబడేకొద్దీ గులాబీ. కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడగమనండి కోడల్ని: గింజ నుంచి నర్సరీలోనే పెంచారా, అడవి నుంచి తవ్వి తెచ్చి కుండీలో పెట్టారా? గింజ వేస్తే మొదటి ఏడు నేలలో వేరొక్కటే, పైన ఆకు కనిపించేది రెండో ఏడు. పువ్వు చూడాలంటే ఏడేళ్ళు, ఒక్కోసారి పది. అన్నేళ్ళు సాకినవాడు చవకగా అమ్మగలడా? ఐదారు డాలర్లకి దొరికిందంటే అది ఏ అడవిలోనో దొంగతనంగా తవ్విందే. పార్కులో తవ్వడం సరే సరి, నేరం.

ఇంకా పెద్ద దొంగ జింక. రాత్రిపూట వస్తాయి, మీవాళ్ళ ముందు వాకిట్లో తులిప్‌లు పోయాయని కోడలు ఏడ్చింది చూశారా, అవే. ట్రిలియం అంటే వాటికి ప్రాణం. దాని ఆకులన్నీ కాడ చివరే కదా, ఒక్క కొరుకుతో ఆ ఏటి సంపాదనంతా పోయింది, మళ్ళీ ఆ ఏడు ఆకు వేయదు. వరసగా రెండు మూడేళ్ళు తింటే దుంప కృశించి పోతుంది. కోళ్ళ గూటికి వేసే జాలీ ఉంటుందే, అది గుండ్రంగా చుట్టి ఆకు పండేదాకా చుట్టూ నిలబెట్టాలి. అందానికి అందం చెడుతుంది, మొక్క బతుకుతుంది. మేయాపిల్ జోలికి అవి పెద్దగా రావు.

ఆ గుండె ఆకారం ఆకా? వైల్డ్ జింజర్. వాసన చూడండి, అల్లమే! అందుకే భయం నాకు. దాన్ని టీలో వెయ్యకండి వదినగారూ, కిడ్నీలు పోతాయి. అందులో ఆ విషం ఉందని ఇప్పుడు తేలింది. పూర్వం ఇక్కడివాళ్ళు వాడేవారట. ఆకులు ఎత్తి చూడండి, నేలకి ఆనుకుని మూడు కొనల ముదురెరుపు పువ్వు ఉంటుంది. పైనుంచి చూస్తే పూసిందని కూడా తెలియదు. దీనికి మంచి గుణం ఒకటుంది, మిగతావన్నీ మాయమయ్యాక ఇది ఆకుతో నేలంతా కప్పి ఉంటుంది. క్రిస్మస్ ఫెర్న్ కూడా అంతే. ఈ రెండూ లేకపోతే జూలైలో మీ పెరడు ఉత్త మట్టే. బ్లూబెల్స్ గుబుర్ల మధ్య మధ్యన వీటిని నాటితే, అవి వెళ్ళిపోయినచోట ఇవి విప్పుకుంటాయి.

పీకాలంటే మీకు పని నేను చూపిస్తాను, చీపురు పట్టిన చేతులు ఊరుకోవుగా! కంచె మొదట్లో ఈ పళ్ళ పళ్ళ అంచు ఆకు నలిపి వాసన చూడండి. వెల్లుల్లి కదా? గార్లిక్ మస్టర్డ్, ఆవాల కుటుంబం. యూరప్‌వాళ్ళు కూరకని తెచ్చుకుంటే అడవులన్నీ పట్టేసింది. తెల్లపూలు పూసి కాయ పట్టకముందే వేరుతో సహా లాగెయ్యాలి. లేత ఆకు కొందరు వండుకుంటారు, నేనొకసారి పప్పులో వేశాను. మీ అన్నయ్యగారు మళ్ళీ వెయ్యమనలేదు. ఆ వాగు పక్కన పసుపచ్చగా మెరుస్తున్న పూలు చూసి మురిసిపోకండి, లెస్సర్ సెలండైన్ అది. చాప పరిచినట్టు పరుచుకుని, దాని కింద ఇంకోటి మొలవనివ్వదు. చిన్న చిన్న దుంపలుంటాయి, ఒక్కటి మిగిలినా మళ్ళీ వస్తుంది.

ఆ పని చేసేటప్పుడు మాత్రం చీర వద్దు. కోడలి పాత ప్యాంటు వేసుకుని సాక్సులోకి దోపుకోండి. ఆకుల్లో టిక్‌లు ఉంటాయి, మన గేదెలకి పట్టే గోమార్ల జాతివే, గసగసాలంత. కుడితే లైమ్ జబ్బు రావచ్చు. లోపలికెళ్ళాక మోకాళ్ళ వెనకా, చెవుల వెనకా తడుముకోవాలి.

ఈ శనివారం ఖాళీయేనా? న్యూ హోప్ వెళ్దాం, గంటలోపే. డెలవేర్ నది దాటగానే బోమన్స్ హిల్ అని 134 ఎకరాల అడవి ఉంది, 1934 నుంచీ అడవిపూల కోసమే ఉంచారు. చుట్టూ జింకల కంచె, అందుకే లోపల ట్రిలియంలు బతికి ఉన్నాయి. ఏప్రిల్లో చెట్ల కింద దారి పొడుగునా పూలే. మినియాపొలిస్‌లో మా పెద్దమ్మాయి ఉంటుందే, అక్కడ ఇంకా పాతది ఉంది, 1907లో ఎలోయిస్ బట్లర్ అనే బాటనీ టీచరు మొదలుపెట్టిన తోట. ఆవిడ పోయాక బూడిద కూడా అక్కడే చల్లారు. ఈ పూల పిచ్చి పంతులమ్మలకే ఎక్కువ పడుతుందనుకుంటాను. బోమన్స్ హిల్‌లో మొక్కలు అమ్ముతారు, అక్కడ కొంటే అడవి తవ్వారన్న అనుమానం ఉండదు. కుండీలో ఉన్నవి ఇప్పుడే నాటొచ్చు, మొదటి వేసవి నీళ్ళు మాత్రం మానకూడదు. ఉత్త దుంపలైతే సెప్టెంబరు, అక్టోబరు. బ్లడ్‌రూట్ దుంపని అంగుళం లోతున అడ్డంగా పడుకోబెట్టి పైన ఆకు కప్పితే చాలు. చెట్టు వేళ్ళ మధ్య పలుగు పెట్టి తవ్వకూడదు, చేతి పారతో సందు దొరికినచోటే.

మీ టికెట్ ఎప్పటికి? ఆగస్టు ఆఖరా? అయితే దుంపలు నాటేనాటికి మీరుండరు. ఏది ఎక్కడుందో కోడలికి తెలియదు, నేల బోసిగా ఉంది కదా అని కొత్తది నాటబోయి పాతదాన్ని నరికేస్తుంది. మనవడు తిన్న ఐస్‌క్రీం పుల్లలు పారెయ్యకుండా దాచండి. నేను పేర్లు చెప్తాను, మీరు రాసి ఒక్కో గుబురు పక్కన గుచ్చుదాం. పెన్సిల్‌తో రాయండి, పెన్ను అయితే మొదటి వానకే కారిపోతుంది.